లెక్కలోంచి తీసేసిన రెండు ఎలుకలు

మొన్న గురువారం ల్యాబ్ మీటింగ్‌లో మా ప్రొఫెసర్ నా స్లైడు దగ్గర ఆగి, "ఈ గుంపులో ఐదు ఎలుకలుండాలి కదా, మూడే ఉన్నాయేం?" అన్నారు, నవ్వుతూనే. రెండింటిలో ఏమీ పెరగలేదు, ఇంజెక్షన్ సరిగా పడలేదేమోనని తీసేశానన్నాను. "అలాగని ఆ రోజు నోట్‌బుక్‌లో రాశావా?" రాయలేదు. "అయితే అవి లెక్కలో ఉండాల్సిందే. తర్వాతి స్లైడు."

అంతే. ఆ నవ్వే మూడు రోజులుగా కళ్ళముందు ఆడుతోంది.

మేం చూస్తున్నది హాక్స్‌ఏ9 అనే జన్యువును అణిచేస్తే లుకేమియా (రక్త క్యాన్సర్) మూలకణాలు, అంటే ఆ జబ్బును మళ్ళీ మళ్ళీ పుట్టించే కణాలు, తగ్గుతాయా అని. ఆ కణాలు చాలా అరుదు. 1994లో ఈ టొరంటోలోనే జాన్ డిక్ బృందం కట్టిన లెక్క, రోగి రక్తంలో 2.5 లక్షల కణాలకు ఒకటి. అందుకే రోగి కణాలను లక్ష, పదివేలు, వెయ్యి చొప్పున ఎలుకలకు ఎక్కించి, 12 వారాలు ఆగి, వాటి ఎముక మజ్జలో మనిషి కణాలున్నాయో లేదో చూస్తాం. ఉంటే మూలకణం పడ్డట్టు, లేకపోతే ఆ ఎలుక ఖాళీ. ఏ మోతాదు దగ్గర నూటికి 37 ఎలుకలు ఖాళీగా మిగులుతాయో, అందులో సగటున ఒక్క మూలకణం ఉన్నట్టు. అంటే ఖాళీ ఎలుకలు లేకపోతే లెక్కే లేదు. పైగా నేను తీసేసినవి జన్యువు జోలికి పోని గుంపులోవి. అవి లేకపోతే అక్కడ మూలకణాలు ఎక్కువున్నట్టు, నా ప్రయోగం బ్రహ్మాండంగా పనిచేసినట్టు కనిపిస్తుంది. కావాలని చేశానా? లేదనే అనుకుంటున్నా. కానీ సున్నా వచ్చిన లెక్కల పేపరు నాన్నకు కనపడకుండా పరుపు కింద పెట్టిన చెయ్యే కదా ఇదీ.

తప్పు నాదే. అయినా హైదరాబాద్‌లో మా గైడ్ గుర్తొచ్చారు. ఆయనైతే "బుద్ధుందా?" అని కారిడార్ అంతా వినపడేలా అరిచేవారు. సాయంత్రం చాయ్ తెప్పించి "తిన్నావా?" అంటే ఆ గొడవ అక్కడితో సరి. ఇక్కడ అరుపూ లేదు, చాయూ లేదు. (ఇంకో విషయంలో ఆయన నాతో మూడు నెలలు మాట్లాడలేదు. అది ఇప్పుడెందుకులెండి.)

ఇవాళ ఆదివారమైనా ల్యాబ్‌కెళ్ళి ఆ రెండూ కలిపి మళ్ళీ లెక్క కట్టాను. తేడా సగానికి పడిపోయింది. కొత్త గ్రాఫ్ పంపితే పది నిమిషాల్లో జవాబొచ్చింది: "థాంక్స్. మళ్ళీ ఎక్కించేటప్పుడు చెప్పు, నేనూ పక్కనుంటాను."

ఇది చాయ్ లాంటిదా, నా చేతి మీద నమ్మకం లేకనా? "సరే సర్" అని టైప్ చేశాను. ఇక్కడ అందరూ ఆయన్ని పేరు పెట్టే పిలుస్తారు. "సర్" చెరిపేసి, మళ్ళీ పెట్టి పంపాను.