నీళ్లలో ఆమ్లక్షారాల బలం నాకు పట్టుబడిన తీరు

జూనియర్ లెక్చరర్ పరీక్షకు చదవడానికి అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకున్నాక, కెమిస్ట్రీలో ముందుగా అయానిక సమతాస్థితి, అంటే ఆమ్లక్షారాలు వచ్చే పాఠం, మొదలుపెట్టాను. పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీలో చోటు చూసుకుని, కోఠీలో కొన్న పాత పుస్తకాలు ముందేసుకుని కూర్చునేదాన్ని.

ఏ గైడు తెరిచినా ఒకటే మాట: బలహీన ఆమ్లానికి సంయుగ్మ క్షారం (ఆమ్లం ప్రోటాన్‌ను ఇచ్చేశాక మిగిలేది) బలమైనది. ఈ వాక్యం పిల్లల్ని దారి తప్పిస్తుందని నా గట్టి నమ్మకం. ఎసిటిక్ ఆమ్లం బలహీనమే, మరి దాని సంయుగ్మ క్షారం ఎసిటేట్ బలమైన క్షారమా? 0.1 మోలార్ సోడియం ఎసిటేట్ ద్రావణం పీహెచ్ 9 కూడా దాటదు. అదే గాఢతలో సోడియం హైడ్రాక్సైడ్‌కు 13.

అందుకే ఆ వాక్యాన్ని పక్కనపెట్టి అంకెలు పట్టుకున్నాను. పీకేఏ ఆమ్లం బలాన్ని, పీకేబీ క్షారం బలాన్ని చెప్పే అంకెలు; అంకె ఎంత తక్కువైతే బలం అంత ఎక్కువ. 25 డిగ్రీల దగ్గర నీళ్లలో ఆమ్లం పీకేఏ, దాని సంయుగ్మ క్షారం పీకేబీ కలిస్తే 14. ఎసిటిక్ ఆమ్లానికి 4.76, ఎసిటేట్‌కు 9.24. రెండూ బలహీనమే. అమ్మోనియం అయాన్‌కు 9.25, అమ్మోనియాకు 4.75. హైడ్రోసయనిక్ ఆమ్లం పీకేఏ 9.2 దగ్గర ఉంటుంది కాబట్టి సయనైడ్ దాదాపు అమ్మోనియా అంత క్షారం. ఇది లెక్కలో తేలినప్పుడు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది.

తర్వాత పెద్ద కాగితం మీద ఎడమన ఆమ్లాలు, కుడిన వాటి క్షారాలు, బలమైన ఆమ్లాలు పైన, బలమైన క్షారాలు కింద వచ్చేలా రాసి, హైడ్రోనియం (ప్రోటాన్ అందుకున్న నీటి అణువు) దగ్గర ఒక గీత, నీళ్ల దగ్గర ఒక గీత గీశాను. అసలు విషయమంతా ఆ గీతల్లోనే ఉంది. పై గీత దాటిన పెర్‌క్లోరిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాలు ప్రోటాన్‌ను పూర్తిగా నీళ్లకే ఇచ్చేస్తాయి, అందుకే అక్కడ వాటి మధ్య తేడా కనిపించదు. ఎసిటిక్ ఆమ్లాన్ని ద్రావణిగా తీసుకుంటే పెర్‌క్లోరిక్‌దే పైచేయి. కింది గీత దాటిన ఆక్సైడ్, ఎమైడ్, హైడ్రైడ్ అయాన్లు నీళ్లలో నిలవవు, హైడ్రాక్సైడ్‌ను మిగిల్చి పోతాయి. సున్నం మీద నీళ్లు పోస్తే కుతకుతలాడేది ఇందుకే.

పక్క టేబుల్ చెల్లె ఒకరోజు అడిగింది: “అక్కా, ఫ్లోరిన్ ఎలక్ట్రాన్లను అంత గుంజుకుంటది గదా, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం మరి బలహీనమెందుకయితది?” బంధబలం చూడమన్నాను. హైడ్రోజన్–ఫ్లోరిన్ బంధం తెంచడానికి మోల్‌కు 570 కిలోజౌళ్ల దగ్గర కావాలి, అయోడిన్‌తోనైతే 300 చాలు. పీకేఏ 3.2 దగ్గర ఆగిపోవడానికి ఇదే ముఖ్య కారణం.

చివరగా ఆ కాగితాన్ని ల్యాబ్ పరీక్షలతో సరిచూశాను. కార్బానిక్ ఆమ్లం పీకేఏ 6.35. ఎసిటిక్ ఆమ్లం దానికి పైన ఉంది కాబట్టి బైకార్బనేట్‌కు ప్రోటాన్ ఇస్తుంది, కార్బన్ డయాక్సైడ్ బుడగలొస్తాయి. ఫినాల్‌ది 10, కింద ఉంది, కాబట్టి రావు. అదే ఫినాల్ సోడియం హైడ్రాక్సైడ్‌లో చక్కగా కరుగుతుంది, ఎందుకంటే నీళ్లు దానికంటే ఇంకా కింద ఉన్నాయి.