దవడలో మొదలైన గుండెనొప్పి: నా అనుభవం

నా గుండెజబ్బుకు మొట్టమొదటి వైద్యం చేసినవారు పళ్ల డాక్టరు. ఇప్పుడు ఆ మాట అంటే ఇంట్లో అందరూ నవ్వుతారు గానీ, 2023 ఆగస్టు నుంచి డిసెంబరు దాకా నేను తిరిగిన దారి అక్కడే మొదలైంది.

నేను తెనాలికి దగ్గరలో ఉన్న ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. అప్పటికి నా వయసు 54 ఏళ్లు, మధుమేహం వచ్చి తొమ్మిదేళ్లు. ఆ ఏడాది పదో తరగతిని రెండో అంతస్తుకు మార్చారు. అప్పటి నుంచి ఎడమవైపు కింది దవడలో ఒక బాధ మొదలైంది. దాన్ని పోటు అనడానికి లేదు, సలుపు అనడానికీ లేదు. తడిగుడ్డను మెలిపెట్టి పిండుతున్నట్టుగా ఉండి, కుర్చీలో కూర్చుని హాజరు పిలవడం పూర్తయ్యేసరికి దానంతటదే సర్దుకునేది. దవడ నొప్పి కాబట్టి పన్నే అనుకున్నాను. పళ్ల డాక్టరు ఎక్స్‌రే తీస్తే వెనక దంతంలో పుచ్చు నిజంగానే కనిపించింది. మూడు విడతల్లో రూట్ కెనాల్ చేసి, పైన తొడుగు వేశారు. ఆయనను తప్పుపట్టలేను, ఎందుకంటే కంటికి కనిపించిన లోపాన్ని ఆయన సరిచేశారు. పైగా చివరి రోజున, "నొప్పి ఈ పన్ను వల్లే అయితే ఇక రాకూడదమ్మా, వస్తే మాత్రం వేరే చోట చూపించుకోండి" అని కూడా చెప్పారు. ఆ మాటలో రెండో సగాన్ని నేను చెవిన పెట్టలేదు.

ఆ రోజుల్లోనే మరికొన్ని మార్పులు వచ్చాయి గానీ, వాటిలో ప్రతిదానికీ నా దగ్గర ఒక కారణం సిద్ధంగా ఉండేది. మధ్యాహ్నానికి పుస్తకాల సంచి మోయలేనంత నీరసం వస్తే షుగరు అనుకున్నాను. చల్లని చెమటతో జాకెట్టు తడిసిపోతే నెలసరి ఆగిపోయిన వయసు కదా అనుకున్నాను. రెండు భుజపుటెముకల మధ్య వీపు పట్టేస్తే బోర్డు మీద రాసీ రాసీ అలా అయిందనుకున్నాను. మా అత్తయ్య అయితే, "ఈ వయసులో ఆడవాళ్లందరికీ ఉండేదేలే అమ్మాయ్" అని కషాయం కాచి ఇచ్చారు. అక్టోబరులో ఒక ఆసుపత్రికి వెళితే ఈసీజీ తీశారు. అంతా సవ్యంగానే ఉందని చెప్పి, పరగడుపున వేసుకోమని గ్యాసు మాత్రలు రాశారు. ఈసీజీ బాగుందన్న ఆ ఒక్క మాటతో నేను మరో నెల రోజులు నిశ్చింతగా మెట్లెక్కాను.

అసలు సంగతిని పట్టుకున్నది మా బడి ఆయా. రోజూ నా వెనకాలే తాళాలు పట్టుకుని పైకి వచ్చే ఆమె ఒకరోజు మలుపు దగ్గర ఆగి, "మేడమ్ గారూ, మీరు రోజూ ఇక్కడికి వచ్చేసరికే దవడ పట్టుకుంటారేంటండీ? కింద స్టాఫ్ రూములో ఎప్పుడూ పట్టుకోరే!" అంది. నాలుగు నెలల్లో నేను గాని, నన్ను చూసినవారు గాని వేయని ప్రశ్న అది. నొప్పి ఎక్కడ వస్తోందన్నదే అందరం చూశాం గానీ ఎప్పుడు వస్తోందని ఎవరమూ చూడలేదు.

ఆ రాత్రే ఒక పాత నోటుబుక్కు తీసి రాయడం మొదలుపెట్టాను. పది రోజుల్లో పధ్నాలుగు సార్లు నొప్పి వచ్చింది. అందులో తొమ్మిది సార్లు బడి మెట్ల మీదే, అదీ మొదటి అంతస్తు దాటిన తరువాత. కార్తీక మాసం కావడంతో తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేసి, మంచులో శివాలయానికి నడుస్తుంటే మూడు సార్లు వచ్చింది. మిగిలిన రెండు సార్లలో ఒకటి, పెళ్లి భోజనం చేసి బస్సు కోసం వేగంగా నడిచినప్పుడు. రెండోది, నీళ్ల బిందె ఎత్తినప్పుడు. వేడి కాఫీ తాగినప్పుడు గాని, గట్టి జంతిక కొరికినప్పుడు గాని, పడుకున్నప్పుడు గాని ఒక్కసారీ రాలేదు. పంటి నొప్పి అయితే వేడికీ చలవకీ జివ్వుమనాలి. ఇది కేవలం శ్రమకు వచ్చి, విశ్రాంతికి పోతోంది.

గుంటూరులో ఒక గుండె వైద్యుణ్ని కలిసినప్పుడు మళ్లీ ఈసీజీ తీశారు, గుండె కదలికను తెర మీద చూసే ఎకో స్కాన్ కూడా చేశారు. రెండూ మామూలుగానే వచ్చాయి. ఆ తరువాత ఆయన నా నోటుబుక్కును రెండు మూడు నిమిషాల పాటు తిప్పి తిప్పి చదివి, "ఈసీజీ బాగానే ఉందమ్మా, మీ పుస్తకమే బాగాలేదు" అన్నారు. గుండె రక్తనాళం సన్నబడినా, కదలకుండా పడుకున్నప్పుడు గుండెకు కావలసిన రక్తం అందుతూనే ఉంటుందనీ, అందుకే ఆ స్థితిలో తీసిన ఈసీజీ చాలామందిలో సవ్యంగా వస్తుందనీ, శ్రమ పెరిగి అవసరం పెరిగినప్పుడే కొరత బయటపడుతుందనీ ఆయన వివరించారు. గుండెకు నొప్పి వస్తే దవడ ఎందుకు లాగుతుందని అడిగాను. గుండె నుంచి వచ్చే నరాలూ, చేయి, వీపు, మెడ, దవడల నుంచి వచ్చే నరాలూ మెదడుకు చేరే దారిలో ఒకే చోట కలుస్తాయట. బాధ ఎక్కడిదో మెదడు సరిగ్గా పోల్చుకోలేక మరో చోటికి అంటగడుతుందట. ఇక ఏళ్ల తరబడి మధుమేహం ఉన్నవారిలో నరాలే మొద్దుబారి ఛాతీ నొప్పి తెలియకపోవచ్చు, వారికి ఆయాసమో నీరసమో మాత్రమే గుర్తుగా మిగలవచ్చు. గుండెకు రక్తం అందించే పెద్ద ధమని మూసుకుపోయినప్పుడు చాలామంది స్త్రీలకు కూడా ఛాతీలో బాధ ఉంటుంది గానీ, దానితో పాటు వికారం, వీపు నొప్పి, అంతుచిక్కని అలసట ఎక్కువగా కలిసి రావడం వల్ల అసలు బాధ వాటి మాటున పడిపోతుందని కూడా చెప్పారు.

మరునాడు ట్రెడ్‌మిల్ పరీక్ష. ఛాతీ నిండా తీగలు అంటించి, చీర మీద అయితే కుదరదని పంజాబీ డ్రెస్సు వేసుకు రమ్మన్నారు. ఆ పట్టా మొదట గంటకు 2.7 కిలోమీటర్ల వేగంతో, ఎత్తుగా ఏటవాలుగా కదులుతుంది; మూడు నిమిషాలకొకసారి వేగమూ వాలూ పెంచుతారు. టెక్నీషియను మాటిమాటికీ "ఛాతీలో నొప్పి ఉందా అమ్మా?" అని అడుగుతుంటే, నేను నిజాయితీగా లేదంటూ నడుస్తున్నాను. ఐదో నిమిషంలో నా చేయి దానంతటదే కమ్మీని వదిలి దవడ మీదికి వెళ్లింది. తెర ముందు కూర్చున్న డాక్టరు తలెత్తి చూసి, ఆపేయమన్నారు. నా దవడ లాగుతున్న ఆ క్షణంలోనే ఈసీజీ గీత కిందికి దిగిందని తరువాత కాగితం మీద చూపించారు. అంత భయంలోనూ నాకు ఒక రకమైన తృప్తి కలిగిందని చెప్పక తప్పదు. నా నొప్పికి సాక్ష్యం దొరికింది.

గుండె రక్తనాళాల్లో అడ్డు ఎక్కడుందో చూసే యాంజియోగ్రామ్ కోసం చేరిన వార్డులో గడిపిన ఒక సాయంత్రం నాకు బాగా గుర్తుంది. పక్క మంచం మీద ఉన్న విశ్రాంత ఆర్టీసీ డ్రైవరు గారి భార్య చెప్పిన ప్రకారం, ఆయనకు నొప్పంటూ ఎన్నడూ లేదు; రెండు నెలలుగా ఒక దిండు చాలక రెండు, ఆ పైన మూడు దిళ్లు పెట్టుకుంటే గాని ఊపిరి ఆడేది కాదు, సాయంత్రానికి చీలమండల దగ్గర వేలితో నొక్కితే గుంట పడేది. గుండె పంపు చేసే శక్తి తగ్గిపోయిందని తేలింది. అవతల మంచంలోని మిర్చి రైతు పొట్ట పైభాగంలో మంటకు సోడా తాగి, వాంతి చేసుకుని, తెల్లవార్లూ గ్యాసే అనుకుని పొలానికి కూడా వెళ్లివచ్చారు. ట్రోపోనిన్ రక్తపరీక్షలో గుండెపోటు అని బయటపడింది. మావారిని పక్కకు పిలిచి డాక్టరు మరొక మాట చెప్పారట. మగవారిలో అంగస్తంభన సమస్య గుండెజబ్బు కన్నా కొన్నేళ్ల ముందే కనిపించవచ్చనీ, అక్కడి రక్తనాళాలు మరీ సన్ననివి కావడం అందుకు ఒక కారణమనీ ఆ మాట సారాంశం. మావారు అది నాకు చెప్పడానికి మూడు రోజులు పట్టింది.

యాంజియోగ్రామ్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. కిడ్నీల పరీక్ష చేసి, నేను వాడే షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ రెండు రోజులు ఆపించారు. కుడి మణికట్టు దగ్గర మత్తు ఇచ్చి సన్నని గొట్టం పంపారు. రంగుమందు ఎక్కినప్పుడు ఒళ్లంతా ఒక్కసారి వేడెక్కింది. గుండె ముందు భాగానికి రక్తం తీసుకెళ్లే ధమనిలో 90 శాతం అడ్డు ఉందని చూపించి, అక్కడికక్కడే ఒక స్టెంటు, అంటే రక్తనాళాన్ని తెరిచి ఉంచే సన్నని జాలీగొట్టం, వేశారు. ఖర్చు గురించి మావారు హడలిపోయారు గానీ, ఉద్యోగుల ఆరోగ్య పథకం కార్డు మీద పని జరిగిపోయింది. స్టెంటు అంటే లక్ష దాటుతుందన్న పాత లెక్కే ఆయన మనసులో ఉంది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం ధరకు పరిమితి పెట్టి, మందుపూత స్టెంటును 29,600 రూపాయలకు దించిన సంగతి మాకు ఆసుపత్రిలోనే తెలిసింది.

ఇంటికి పంపేటప్పుడు ఆస్పిరిన్, దానికి తోడు రక్తం గడ్డకట్టకుండా ఉంచే మరో మాత్ర, కొలెస్టరాల్ మాత్ర రాసి, తమను అడగకుండా ఒక్క పూట కూడా మానవద్దని గట్టిగా చెప్పారు. నొప్పి వస్తే కూర్చుని, నాలుక కింద రక్తనాళాలను వదులు చేసే సార్బిట్రేట్ మాత్ర పెట్టుకోవాలి; నిలబడి పెట్టుకుంటే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఐదు నిమిషాలకూ తగ్గకపోతే ఇంకెవరినీ సలహా అడగకుండా 108కి ఫోన్ చేయాలి.

సంక్రాంతి సెలవుల తరువాత బడికి వెళితే, హెడ్‌మాస్టరు గారు నా తరగతిని కిందికి మార్చి ఉంచారు. మార్చిలో డాక్టరు అనుమతి తీసుకుని నేనే పైకి మార్పించుకున్నాను. మొదటి రోజున మలుపు దగ్గరికి రాగానే చేయి అలవాటుగా దవడ మీదికి వెళ్లింది గానీ, అక్కడ ఏమీ లేదు. వెనకాల తాళాల చప్పుడు ఆగింది. "ఏం లేదులే, పద" అన్నాను. సుద్దముక్కల డబ్బాలో సార్బిట్రేట్ మాత్రలు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి.