అరగంట సర్క్యూట్, మెట్లు దిగే మోకాలు

విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఆడవాళ్ళకు మాత్రమే అని బోర్డు పెట్టి ఒక జిమ్ తెరిచారు. అందులో నడిపేది సర్క్యూట్ ట్రైనింగ్, అంటే వరసగా పెట్టిన వ్యాయామాలని ఒకదాని తర్వాత ఒకటి చేసుకుంటూ చుట్టూ తిరగడం. అరగంటలో అయిపోతుంది, ఎప్పుడు వెళ్తే అప్పుడు మొదలుపెట్టొచ్చు, ట్రైనర్లు కూడా ఆడవాళ్ళే. చేరాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను, ఇంట్లో అందరి బుర్రా తినేశాను, ఇప్పుడు ఒక నిర్ణయానికొచ్చాను కాబట్టి ఆ ఆలోచనంతా ఇక్కడ పెడుతున్నాను. నలభై దాటినవాళ్ళకి, ముఖ్యంగా "రోజూ నడుస్తున్నా కదా, ఇంక జిమ్ ఎందుకు" అనుకునేవాళ్ళకి పనికొస్తుందని నా నమ్మకం.

నాకు నడక అలవాటే. పొద్దున్నే లాసన్స్ బే మీదుగా బీచ్ రోడ్డుకి దిగుతాను, వీలున్న రోజు ఆర్కే బీచ్ దాకా వెళ్తాను, లేనిరోజు శివాజీ పార్కులో నాలుగు రౌండ్లు. దానివల్ల ఆయాసం తగ్గింది, నిద్ర బాగా పడుతోంది. కానీ మెట్లు దిగేటప్పుడు మోకాలు పట్టేస్తోంది. ఎక్కేటప్పుడు ఏమీ ఉండదు, దిగేటప్పుడే. మొన్న సింహాచలం మెట్ల దారిలో వెళ్ళాం, కొండ ఎక్కడం ఎలాగో ఎక్కేశాను, దిగేటప్పుడు మాత్రం ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టుకుంటూ, పక్కనున్న గోడ పట్టుకుంటూ దిగాను. మా అత్తయ్య నాకంటే ముందే కిందకి చేరిపోయి నాకోసం నిలబడి ఉన్నారు. డాక్టరుకి చూపిస్తే ఎక్స్‌రేలో అరుగుదల పెద్దగా లేదు, తొడ ముందుభాగం కండరంలో బలం తగ్గింది అన్నారు. నడక మానొద్దు, కానీ కండకి అది ఒక్కటే చాలదు, బరువుతో పని చెప్పాలి అన్నారు.

ఇది ఆయన సొంతంగా చెప్పిన మాటేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో పద్దెనిమిది దాటినవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాలు వేగంగా నడవడం లాంటి మధ్యస్థ వ్యాయామం ఉండాలని, దాంతో పాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి బలాన్నిచ్చే వ్యాయామం కూడా చెయ్యాలని ఉంది. మనవాళ్ళు మొదటి సగం బాగా పట్టుకున్నారు. బీచ్ రోడ్డులో పొద్దున్న చూడండి, ఎంతమంది ఆడవాళ్ళు ఎంత శ్రద్ధగా నడుస్తారో. రెండో సగం గురించి మాత్రం మాట్లాడేవాళ్ళే తక్కువ. నెలసరి ఆగిపోయే వయసు దగ్గరపడేకొద్దీ ఈస్ట్రోజన్ తగ్గి ఎముక వేగంగా పలచబడుతుంది, కండ కూడా కరుగుతూ పోతుంది, కాబట్టి ఆ రెండో సగం మనకే ఎక్కువ అవసరం.

సరే, బలం కావాలి. ఎక్కడ చెయ్యాలి? మా ఆయన "ఇంట్లో చెయ్యొచ్చు కదా, నేను మ్యాట్ కొనిస్తా" అన్నారు. ఇంట్లో చాప పరిచానంటే కుక్కర్ విజిల్ వేస్తుంది, కొరియర్ అబ్బాయి బెల్ కొడతాడు, మా చిన్నది నా వీపెక్కుతుంది. గాజువాకలో ఉండే మా వదిన ఆడా మగా అందరూ వచ్చే పెద్ద జిమ్‌కి వెళ్తుంది, బాగా బరువులెత్తుతుంది కూడా. ఫోన్ చేస్తే "ఆడవాళ్ళ జిమ్‌లో కబుర్లుంటాయమ్మా, బరువులుండవు. నాతో వచ్చెయ్యి" అంది. వదిన మాటలో నిజం ఉంది, దాని గురించి తర్వాత చెప్తాను, కానీ గాజువాకకి వెళ్ళి రావడానికే సాయంత్రం మొత్తం పోతుంది. నేను ఆఫీసు నుంచి ఇంటికొచ్చేసరికి ఆరున్నర, ఎనిమిదికి వంటింట్లో ఉండాలి. ఆ మధ్య దొరికే టైములో నడిచి వెళ్ళగలిగే చోటే నాకు జిమ్.

సర్క్యూట్ అనే పద్ధతి పుట్టిందే ఇలాంటి ఇరుకులోంచి. 1953లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ యూనివర్సిటీలో మోర్గన్, ఆడమ్సన్ అనే ఇద్దరు దీన్ని తయారుచేశారు. ఒక హాల్లో చాలామంది ఒకేసారి, తక్కువ టైములో, ఎవరి శక్తికి తగ్గట్టు వాళ్ళు చేసుకునేలా వ్యాయామాలని వరసగా పెట్టి, ఒకటి అవ్వగానే రెండోదానికి జరిగేలా చేశారు. దాన్నే ఆడవాళ్ళకి మాత్రమే అని, అరగంట అని అమ్మకానికి పెట్టి పేరు తెచ్చుకున్నది కర్వ్స్ అనే అమెరికా సంస్థ. 1992లో టెక్సస్ రాష్ట్రంలోని హార్లింజెన్‌లో గ్యారీ, డయాన్ హీవిన్ దంపతులు మొదలుపెట్టారు. మా కాలనీలోది ఆ సంస్థది కాదు గానీ నడిపే తీరు అదే.

ట్రయల్‌కి వెళ్ళాను. హాల్లో పన్నెండు మెషీన్లు గుండ్రంగా పెట్టారు, ఒక్కో మెషీన్ పక్కన ఒక చదరపు మెత్తటి పలక ఉంది. మెషీన్ మీద 30 సెకన్లు, తర్వాత పలక మీద నిలబడి ఉన్నచోటే అడుగులు వేస్తూ ఇంకో 30 సెకన్లు. స్పీకర్‌లో "మారండి" అని ఒక గొంతు వస్తుంది, అందరూ ఒకేసారి పక్కకి జరుగుతారు. అలా చుట్టూ తిరిగి రావడానికి పన్నెండు నిమిషాలు, రెండు చుట్లకి ఇరవై నాలుగు, ఆఖర్లో ఒళ్ళు సాగదీయడానికి కాసేపు. మెషీన్ ఖాళీ అయ్యేదాకా ఎవరో ఒకరి కోసం నిలబడే పని లేదు. గుండె వేగం తగ్గిపోకుండా ఉంటుంది, చెమట ధారగా కారుతుంది, ఏసీ ఉన్నా మన విశాఖ ఉక్క ఉక్కే.

ఇక ఆ మెషీన్లు. వాటికి ఇనప బిళ్ళలు లేవు. హ్యాండిల్ వెనకాల బైకు షాక్ అబ్జార్బర్ లాంటి గొట్టం, లోపల నూనె. నెమ్మదిగా తోస్తే తేలిగ్గా కదులుతుంది, జోరుగా తోస్తే అంత బిగుస్తుంది. ముందుకి తోసినా పనే, వెనక్కి లాగినా పనే. మధ్యలో చెయ్యి వదిలేస్తే అక్కడే ఆగిపోతుంది, మీద పడేదేమీ ఉండదు, అందుకని ఎప్పుడూ జిమ్ మొహం చూడనివాళ్ళు కూడా మొదటిరోజే ధైర్యంగా కూర్చుంటారు. మర్నాడు ఒళ్ళు నొప్పులు కూడా తక్కువ.

నొప్పులు ఎందుకు తక్కువో తెలుసుకున్నాక నాకు అసలు సంగతి అర్థమైంది. బరువుని పైకెత్తేటప్పుడు కండరం కుంచించుకుంటూ పనిచేస్తుంది, అదే బరువుని మెల్లగా కిందకి దించేటప్పుడు సాగుతూ ఆపుతుంది. వ్యాయామం చేసిన మర్నాడు పట్టేసే నొప్పి ఎక్కువగా ఈ దించే పనివల్లే వస్తుంది. నూనె గొట్టం మెషీన్‌లో దించడానికి బరువే లేదు, కాబట్టి ఆ పని కండరానికి పడదు. మెట్లు దిగడం అంటే ఏమిటి? ఒంటి బరువంతా ఒక కాలి మీద మోస్తూ, తొడ కండరం సాగుతూ, మనల్ని మెల్లగా కింద మెట్టు మీదకి దించడం. అంటే సింహాచలంలో నాకు చేతకానిది ఏదో సరిగ్గా అదే ఈ మెషీన్లు నేర్పవు. రెండో లోపం, ఎంత బరువు తోశామో మెషీన్ చెప్పదు. పోయిన నెల కంటే ఈ నెల బలం పెరిగిందా లేదా అని చూసుకునే దారి లేదు. బలం పెరగాలంటే బరువు కొంచెం కొంచెంగా పెరుగుతూ పోవాలి, ఎక్కడైనా అంతే.

వదిన చెప్పింది ఇదే. ఆడవాళ్ళ జిమ్ అనగానే తేలిక సరుకు పెట్టేస్తారు, మనం కూడా అదే మనకి తగినదనుకుంటాం. నాకు ఇది బాధ కలిగించే విషయం. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొట్టమొదటి భారతీయ మహిళ మన ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళం ఆడపిల్ల, కరణం మల్లీశ్వరి. 2000లో సిడ్నీలో వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో, ఒకే ఊపులో తల మీదకి ఎత్తే స్నాచ్‌లో 110, భుజాల దాకా ఎత్తి ఆ తర్వాత తల మీదకి లేపే క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఈ ప్రాంతంలో పుట్టి పెరిగిన మనకి ఆడవాళ్ళు బరువులెత్తడం కొత్త సంగతి కాకూడదు.

ఇన్ని లోపాలు కనిపించాక వద్దనుకోవాలి కదా. అనుకోకపోవడానికి ఆరోజు నా పక్కన జరిగిన ఒక చిన్న సంగతి కారణం. నాకంటే కొంచెం పెద్దావిడ, కాటన్ చుడీదార్ మీద చున్నీ నడుముకి బిగించి కట్టుకుని, పలక మీద నిలబడ్డారు. ట్రైనర్ అందరినీ గెంతమంది. ఆవిడ ఆగి, "గెంతితే నాకు లీకవుతుందమ్మా, రెండో కాన్పు నుంచీ అంతే" అన్నారు. గొంతేమీ తగ్గించలేదు. ట్రైనర్ "అయితే గెంతొద్దు ఆంటీ, మోకాళ్ళు పైకెత్తి అడుగులెయ్యండి. ఊపిరి బిగపట్టకండి, తోసేటప్పుడు వదలండి" అని, ఆఖర్లో ఆవిడని పక్కన కూర్చోబెట్టి మూత్రాన్ని ఆపుకునే కండరాన్ని బిగించి వదలడం నేర్పింది. ఇంకో ఇద్దరు కూడా వెళ్ళి ఆ పక్కనే కూర్చున్నారు, వాళ్ళకీ అదే ఇబ్బంది.

మగ ట్రైనర్ ముందు, నలుగురు కుర్రాళ్ళు అద్దంలో చూసుకుంటున్న గదిలో ఆవిడ ఆ మాట అనేవారా? నేనైతే అనను. కాలు నొప్పి అనో, టైమైపోయింది అనో చెప్పి మర్నాటి నుంచి మానేస్తాను. ఆడవాళ్ళకి విడిగా జిమ్ ఎందుకు అంటే చాలామంది బట్టల గురించో, మగవాళ్ళ చూపుల గురించో చెప్తారు. అదీ నిజమే. కానీ నాకు అంతకంటే పెద్ద సంగతి, ఒంటి గురించి ఉన్నదున్నట్టు చెప్పగలగడం. నెలసరి రెండోరోజు, సిజేరియన్ కుట్టు లాగడం, రొమ్ము నొప్పి, లీకేజీ, ఇవి చెప్పకపోతే ట్రైనర్ ఎంత తెలివైనదైనా మనకి సరిపడే వ్యాయామం ఇవ్వలేదు.

అలాగని బోర్డు చూసి గుడ్డిగా నమ్మలేదు. మొదట కెమెరాల గురించి అడిగాను. గుమ్మం దగ్గర ఒకటి, హాల్లో ఒకటి ఉన్నాయి. బట్టలు మార్చుకునే గది వైపు తిరిగి లేవు కదా, రికార్డింగు ఎవరు చూస్తారు, మగవాళ్ళెవరి ఫోన్లోనైనా లైవ్ వస్తుందా అని అడిగాను. యజమాని భర్త ఫోన్లో వస్తోందట. అది తీసేయమన్నాను, ఆవిడ నా ముందే తీయించారు. ప్రచారానికి రీల్స్ తీస్తే నా మొహం ఉండకూడదని కూడా ఫారం మీద రాసి సంతకం పెట్టించుకున్నాను. ఇవి అడగడానికి మొహమాటపడొద్దు, బోర్డు మీద ఆడవాళ్ళకు మాత్రమే అని రాశాక కెమెరా వెనక కూడా ఆడవాళ్ళే ఉండాలి.

డబ్బు సంగతి. మూడు నెలలకి ఆరు వేలు, ఏడాదికి పద్దెనిమిది వేలు అన్నారు. ఏడాదిది చవకే, కానీ మధ్యలో మానేస్తే పైసా తిరిగి రాదు, కొత్తగా తెరిచిన జిమ్ ఏడాది పాటు నడుస్తుందన్న హామీ కూడా ఎవరూ ఇవ్వలేరు. కాగితం మీద 18 శాతం జీఎస్టీ అని ఉంది. ఆఫీసులో నా పనే బిల్లులు చూడటం కాబట్టి కంటికి వెంటనే తగిలింది. 2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్‌ల మీద అది 5 శాతమే. చెప్తే మర్నాడు సరిచేసిన బిల్లు పంపారు. మీ బిల్లు కూడా ఒకసారి చూసుకోండి.

నెలకి ఐదు కిలోలు తగ్గిస్తాం అన్న మాట మాత్రం నాకు నచ్చలేదు. చెప్పులు విప్పి నిలబడితే ఒంట్లో కొవ్వెంతో చెప్పే మెషీన్ ఒకటి చూపించి, నెలనెలా తేడా చూడండి అన్నారు. అది పాదాల నుంచి సన్నటి కరెంటు పంపి లెక్క కట్టేది, ఒంట్లో నీరు తగ్గితే అంకె మారిపోతుంది, చెమట కారుతూ నడిచొచ్చి నిలబడితే ఇంక చెప్పేదేముంది. నేను టేపు పెట్టి నడుము కొలుచుకుంటాను, మన ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటకుండా చూసుకోమంటారు. దాంతో పాటు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలనో చూసుకుంటాను. ప్రొటీన్ పౌడర్ డబ్బా కూడా చూపించారు, తీసుకోలేదు. గుడ్లు, పెసరట్టు, మన చేపలు ఉన్నాయి.

చివరికి ట్రైనర్‌తోనే కూర్చుని సూటిగా మాట్లాడాను. మెట్లు దిగడం నా ఇబ్బంది, మీ మెషీన్లు దానికి చాలవు, ఏం చేద్దాం అన్నాను. ఆ అమ్మాయి కోప్పడలేదు, సాకులూ చెప్పలేదు. సర్క్యూట్ ఒక చుట్టే చేయించి, మిగతా టైములో తక్కువ ఎత్తు పీట మీద నుంచి ఒక కాలితో మెల్లగా దిగడం, కుర్చీలోకి నాలుగంకెలు లెక్కపెడుతూ కూర్చోవడం, అవి కుదిరాక చేతుల్లో డంబెల్స్ పట్టుకుని అవే చేయించడం మొదలుపెడదాం అంది. మూలన ఉన్న డంబెల్స్ పది కిలోల దాకానే ఉన్నాయి. అవి చాలనప్పుడు పెద్దవి తెప్పిస్తారా అని యజమానిని అడిగితే, ఇంకొంతమంది అడిగితే తెప్పిస్తాను అన్నారు. ఆ పెద్దావిడని, ఆమెతో కూర్చున్న ఇద్దరినీ అడిగించే పని నాదే అనుకున్నాను.

మూడు నెలలకి కట్టాను. సోమ, బుధ, శుక్రవారాలు జిమ్, మిగతా రోజులు నడక. ఎంవీపీ, సీతమ్మధార, మధురవాడ వైపు ఇలాంటి చోట చేరినవాళ్ళుంటే ఒక్క సంగతి చెప్పండి, నెలలు గడిచేకొద్దీ మీకు బరువు పెంచుకుంటూ పోయారా, లేక అదే చుట్టు తిప్పుతూ ఉండిపోయారా?