ఒకనికొరకు ఒకడు

సంఘ సహవాసం గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు మనం సాధారణంగా హెబ్రీ పత్రిక 10వ అధ్యాయంలోని “సమాజముగా కూడుట మానక” అనే మాటను ఎత్తుకుంటాం. అది అవసరమైన హెచ్చరికే. అయితే కూడివచ్చినవారు ఎలా నడుచుకోవాలో చెప్పే మరొక వచనం, 1 కొరింథీయులకు 11:33, నన్ను అంతకంటే ఎక్కువగా నిలదీస్తుంది: “భోజనము చేయుటకు మీరు కూడి వచ్చునప్పుడు ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి.”

కొరింథు విశ్వాసులు కూడుకోవడం మానలేదు, కూడుకుంటూనే తప్పిపోయారు. ఆ కాలంలో ఆదివారం సెలవు దినం కాదు; రోమా సామ్రాజ్యంలో దానికి ఆ గుర్తింపు క్రీ.శ. 321లో కాన్‌స్టంటైన్ ఆజ్ఞతో గాని రాలేదు. కాబట్టి యజమాని పని ముగిస్తేనే కదలగలిగే దాసుడూ కూలివాడూ పొద్దుపోయాక చేరుకునేసరికి, తీరిక గలవారు తాము తెచ్చుకున్నది తిని ముగించేవారని ఊహించవచ్చు. ఒకడు ఆకలిగొనగా మరొకడు మత్తుడయ్యాడని పౌలు బాధపడి, “పేదలను సిగ్గుపరచుదురా?” అని అడిగాడు. ఆ అధ్యాయంలోనే పౌలు హెచ్చరించినట్టు ప్రభువు శరీరమని వివేచింపకపోవడం అంటే ప్రభురాత్రి భోజనపు రొట్టెను తేలికగా ఎంచడం మాత్రమే కాదనీ, ఆకలితో వాకిట నిలిచిన సహోదరుణ్ణి ఆ శరీరంలోని అవయవంగా చూడకపోవడం కూడా అనీ నా గ్రహింపు. మరుసటి అధ్యాయంలో పౌలు ఒకే శరీరంలోని అవయవాల గురించే చెబుతాడు కదా.

1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో భారతీయ సేవకుడు వి.ఎస్. అజరయ్య గారు అదే కొరింథీ పత్రిక 13వ అధ్యాయపు మాటలతో విదేశీ మిషనరీలను వేడుకున్నారు: మీరు మీ ఆస్తిని బీదలకు పెట్టారు, మీ శరీరాలనే అర్పించారు, మేము ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి. రెండేళ్లకే ఆయన దోర్నకల్ మొదటి బిషప్పు అయ్యారు. ఆ వేడుకోలు పరదేశులకే చెల్లిపోయిందని నేను అనుకోను. ఒకే ప్రభువును ఆరాధిస్తూ కులాన్ని బట్టి వేరువేరు మందిరాలకు నడిచే మన పల్లెలు ఇంకా ఉన్నాయి.

ఫోనులో మంచి ప్రసంగం వినవచ్చు, మంచమెక్కినవారికి అది గొప్ప మేలు. కానీ అక్కడ మనకోసం ఎవరూ ఆగరు, మనమూ ఎవరికోసం ఆగనక్కరలేదు.

మా చిన్ననాట మిరపకోతల కాలంలో, ప్రభురాత్రి భోజన సంస్కారపు ఆదివారం నాడు మా సంఘకాపరి చివరి గంట కొట్టనిచ్చేవారు కాదు. చేలనుండి వచ్చిన స్త్రీలు చేతులు కడుక్కొని, మంట తగ్గక కొంగుతో ఒత్తుకుంటూ వెనుక చాపమీద కూర్చున్నాకే బల్లమీది తెల్లగుడ్డ తీసేవారు. ముందు వరుసలలో అసహనం పెరుగుతున్నా ఆయన వాకిలివైపే చూస్తూ, అయిపోయిన కీర్తనను మళ్లీ పల్లవినుండి ఎత్తుకునేవారు.