మృదంగంలో మట్టి ఎక్కడుంది?

మృదంగాన్ని ‘మృదు + అంగం’ అని విడదీసి, మెత్తగా పలుకుతుంది కాబట్టి ఆ పేరొచ్చిందని చెప్పేవాళ్లు చాలామందే. వినడానికి బాగుంటుంది గానీ సంధి ఒప్పుకోదు. గురు + ఆజ్ఞ ‘గుర్వాజ్ఞ’ అయినట్టు, అది ‘మృద్వంగం’ కావాలి. అసలు విరుపు మృత్ + అంగం. మృత్ అంటే మట్టి. జగత్ + ఈశుడు ‘జగదీశుడు’ అయినట్టే ఇక్కడా తకారం దకారమైంది.

మరి ఇప్పటి మృదంగం పనస చెక్కది కదా, మట్టేదీ? బెంగాల్ కీర్తనల్లో వాయించే ఖోల్ ఒళ్లు ఇప్పటికీ కాల్చిన మట్టిదే. అక్కడ దాన్నీ మృదంగమనే అంటారు.

ఇంకో జాడ వాద్యం మొహం మీదే ఉంది. శ్రుతి కుదరడానికి తోలు మీద నది ఒడ్డు నల్లమట్టి పూయమంటుంది నాట్యశాస్త్రం. అందులో ఇసక, గడ్డి, ఊక ఉండకూడదు. నాగావళి ఒడ్డున ఒండ్రు పిడికిట్లోకి తీసుకుని నలిపితే ఆ షరతు ఎందుకో తెలుస్తుంది: ఇసక కలిసిన ముద్ద దేనికీ అంటుకోదు, పొడిపొడిగా రాలిపోతుంది. మంచి మట్టి దొరక్కపోతే గోధుమ పిండో యవల పిండో వాడమన్నారు.

ఇవాళ ఎడమ మూతికి పెట్టే బొంబాయి రవ్వ కూడా గోధుమదే. రవ్వను నీళ్లతో చపాతీ పిండికన్నా మెత్తగా కలిపి, తోలు తడిపి, నడిమధ్య గుండ్రంగా అద్దాలి. కుడివైపు షడ్జానికి (‘స’ స్వరానికి) కింది స్థాయి షడ్జం పలికేదాకా కొంచెం కొంచెంగా పెంచాలి. ముద్ద పెరిగేకొద్దీ శ్రుతి దిగుతుంది. నీళ్లెక్కువైతే జారుతుంది, తక్కువైతే కచేరీ మధ్యలో ఎండి ఊడుతుంది. అయిపోయాక గీకి తుడిచెయ్యాలి. కుడివైపు తోలు మీది నల్లటి పూత, అంటే కరణ, మాత్రం శాశ్వతం.

మద్దెల మృదంగానికి వికృతి కాదు. సంస్కృతంలో మర్దలం, ప్రాకృతంలో మద్దల, తెలుగులో మద్దెల. కర్పూరం కప్పురమైనట్టు, పర్వం పబ్బమైనట్టు, రేఫ పోయి పక్క హల్లు జంటయింది. దీని మూలం మర్దనంలో ఉన్న ‘మృద్’ ధాతువు: రుద్దడం, నలపడం. మృదంగాన్నీ ఆ ధాతువుకే కట్టిన వ్యాకర్తలున్నారు. ఖోల్‌ను చూశాక నా మొగ్గు మట్టివైపే.

రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకుందంటారు. రోటికి ఒకవైపే దెబ్బలు, మద్దెలకు రెండువైపులా. ఆ సామెతలో మృదంగం పెట్టి చూడండి, అతకదు. మన పల్లెల్లో రామకోవెల భజనకు కూర్చున్నవాళ్ల నోట వచ్చేది మద్దెలే; 1919లో మొదలైన విజయనగరం మహారాజా సంగీత కళాశాల మెట్లెక్కితే అది మృదంగం.