పళ్ల ల్యాబులో ప్రౌల్

పగలంతా కట్టుడు పళ్లు చేస్తాను. రాత్రి షట్టర్ సగం దించాక అదే బల్ల మీద, అదే లైటు కింద ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మలు, అంటే తిప్పితే కారో విమానమో రోబోగా మారే బొమ్మలు, బాగుచేస్తాను. హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి కొరియర్లో వస్తుంటాయి. రాజమండ్రిలో పళ్ల ల్యాబువాడికి రోబోలతో ఏం పని అని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది. బల్ల మీదున్న సామానంతా ఈ పనికి కుదిరిపోయింది మరి, నేనేం చేసేది? మైక్రోమోటార్, సన్న తీగ, కోల్డ్ క్యూర్, అచ్చు తీసే పుట్టీ... బయట కొనాల్సింది దాదాపు ఏమీ లేదు.

నా దగ్గరికి వచ్చేవాటిలో చాలావాటికి మొదట తగిలిన దెబ్బ చిన్నదే. ఆ తర్వాత ఇంట్లో చేసిన వైద్యమే పెద్ద దెబ్బ. ఈమధ్య ఒక కుర్రాడు ఫోన్ చేశాడు.

"అన్నా, నా ప్రౌల్‌కి అద్దం పక్కన పోస్టు విరిగింది. సూపర్ గ్లూ పెడితే రెండ్రోజులకే ఊడిపోతోంది."

"ఎన్నిసార్లు పెట్టావు?"

"లెక్కపెట్టలేదన్నా."

"ఇంక పెట్టకు. ఉన్నది ఉన్నట్టు పంపించు."

ప్రౌల్ అంటే 1984లో వచ్చిన మొదటి బ్యాచ్ కార్లలో నలుపు తెలుపు పోలీసు కారు. దాని అచ్చు అంతకుముందే జపాన్‌లో టకారా కంపెనీ డయాక్లోన్ అనే వరుసలో వాడింది. హాస్‌బ్రో కంపెనీ వాటిని తీసుకుని పేర్లు, కథ పెట్టి అమెరికాలో అమ్మింది. కారు నిస్సాన్ ఫెయిర్‌లేడీ జెడ్. బ్లూస్ట్రీక్, స్మోక్‌స్క్రీన్ కూడా ఇదే అచ్చు. కాబట్టి ముగ్గురికీ జబ్బు ఒకటే: ముందు అద్దానికి అటూ ఇటూ కప్పును మోసే పోస్టులు మరీ సన్నం. బొమ్మను ఎవరైనా కప్పు దగ్గర పట్టుకునే తిప్పుతారు కదా, బలమంతా వాటి మీదే పడుతుంది.

పై పళ్ల సెట్టు నడిమధ్యకు విరిగిందని ఎవరైనా తెస్తే, అతికించి ఇచ్చేయడం పది నిమిషాల పని. కానీ పళ్లు కరిచినప్పుడు బైట్ ఎక్కడ ఎక్కువ తగులుతోందో చూడకుండా ఇస్తే ఆ పెద్దాయన నెల తిరక్కుండా మళ్లీ వస్తాడు, ఈసారి తిడుతూ. బొమ్మకూ అంతే. పోస్టు ఎందుకు విరిగింది అన్నది ముందు తేలాలి. ఈ ప్రౌల్‌లో పోస్టు పక్కనున్న కీలు బిగుసుకుపోయి ఉంది. లోపలి పిన్ను తుప్పు పట్టింది, దాని మీద ఎన్నో ఏళ్ల దుమ్ము, ఆ పైన కుర్రాడి గ్లూ. కీలు తిరగనప్పుడు చెయ్యి ఇంకాస్త గట్టిగా తిప్పుతుంది, కీలు బదులు పోస్టు వంగుతుంది. అలాంటి పోస్టుకు ప్రపంచంలోని ఏ గ్లూ పెట్టినా మళ్లీ విరుగుతుంది.

అందుకని మొదట కీలు. పిన్ను తీసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ పిన్నుల్లో చాలావాటికి ఒక కొస నున్నగా ఉంటుంది, రెండో కొసకు సన్న గాట్లు ఉంటాయి. ఆ గాట్లే ప్లాస్టిక్‌ను కరిచిపట్టుకుంటాయి. నున్నటి కొస మీద దెబ్బ వేసి, గాట్లున్న కొసను బయటికి పోనివ్వాలి. తిరగేసి కొట్టారంటే గాట్లు రంధ్రం పొడుగునా గీసుకుంటూ వెళ్లి గోడను చీల్చేస్తాయి. రెండు కొసలనూ భూతద్దంతో చూడకుండా సుత్తి ముట్టుకోవద్దు.

తర్వాత ఆ ప్లాస్టిక్ ఏ జాతిదో తేల్చాలి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. బొమ్మ ఒళ్లు ఎక్కువగా ఏబీఎస్ అనే ప్లాస్టిక్. కొత్త బొమ్మల్లో రాపిడి పడే కీళ్లకు పీఓఎం అనేదాన్ని వాడుతుంటారు, కొంతమంది అసిటాల్ అంటారు. వేలితో రాస్తే కొవ్వొత్తిలాగా జారుడుగా ఉంటుంది. ఆ జారుడు గుణం కోసమే దాన్ని కీళ్లలో పెడతారు, ఆ గుణం వల్లే దానికి ఏ జిగురూ పట్టదు. తేడా తెలుసుకోవడానికి వంటింటి పరీక్ష ఒకటుంది. గ్లాసు నీళ్లలో ఇంక కరగదు అనేదాకా ఉప్పు కలపండి. విడి ముక్కను, ఇనుప పిన్ను లేకుండా చూసుకుని, అందులో వేయండి. గాలి బుడగలు పట్టుకుని ఉంటే వేలితో రుద్దేయండి. ఏబీఎస్ తేలుతుంది, పీఓఎం మునుగుతుంది. ఎందుకంటే ఏబీఎస్ సాంద్రత 1.05 దరిదాపుల్లో, చిక్కటి ఉప్పునీటిది 1.2, పీఓఎంది 1.4. ముక్క విడిగా లేకపోతే కనబడని చోట అగ్గిపుల్ల కొసతో అసిటోన్ చుక్క అంటించి చూడండి. జిగటగా మారితే ఏబీఎస్. ఏమీ కాకపోతే జిగురు మీద ఆశ వదిలేసి, మరలో తీగో వేసే ఉపాయం చూసుకోవాలి.

ప్రౌల్ పోస్టు ఏబీఎస్సే. కుర్రాడి గ్లూ పొరలను బ్లేడు కొసతో గోరింత గోరింత తీయడానికే ఒక సాయంత్రం పోయింది. అసిటోన్‌తో కడిగేయొచ్చు కదా అని అడుగుతారు. కడగొచ్చు, గ్లూతోపాటు పోస్టు కూడా పోతుంది.

ఇంక అసలు పని. ఉత్త జిగురు మీద ఈ పోస్టు నిలబడదు, లోపల ఎముక ఉండాలి. పళ్లకు క్లాస్ప్‌లు, అంటే సెట్టును పట్టి ఉంచే కొక్కేలు, వంచే స్టీలు తీగలో 0.5 మిల్లీమీటర్లది ఉంది. దానికి సరిపడా రంధ్రం రెండు ముక్కల్లోనూ వేయాలి, రెండూ ఎదురెదురుగా కచ్చితంగా కలవాలి. మైక్రోమోటార్‌తో వేయకండి. ఆ వేగానికి ప్లాస్టిక్ కరిగి డ్రిల్లుకు చుట్టుకుంటుంది. చేత్తో తిప్పే పిన్ వైస్ ఉంటుంది, దాంతోనే నిదానంగా, రెండు చుట్లు తిప్పి పొట్టు ఊదేసి, మళ్లీ రెండు చుట్లు. ఒక వైపు రంధ్రం పూర్తయ్యాక అందులో తీగ ముక్క పెట్టి, కొస ఆవగింజంత బయటికి వదులుతాను. ఎదుటి ముక్క మీద బైట్ చూసే నీలం కాగితం పెట్టి, రెండింటినీ వాటి స్థానంలో ఆనించి ఒక్కసారి నొక్కుతాను. ఎదుటి ముక్క మీద చుక్క పడుతుంది. రెండో రంధ్రం ఆ చుక్క మీద. నోట్లో ఏ పన్ను ఎత్తుగా ఉందో చూపించే కాగితమే ఇది, పెట్టె పెట్టె పడి ఉంటుంది. మీ దగ్గర లేకపోతే తీగ కొసకు కొంచెం తడి పెయింటు పూసినా చాలు.

అతికించడానికి నేను వాడేది కోల్డ్ క్యూర్. విరిగిన పళ్ల సెట్లు బాగుచేసే అక్రిలిక్ అదే. పొడి ఒక సీసా, లిక్విడ్ ఒక సీసా. ఆ లిక్విడ్ మిథైల్ మెథాక్రిలేట్, వాసన భరించడం కష్టం, కిటికీ తెరిచి ఫ్యాను వేసుకుని చేయాలి. గ్యాస్ పొయ్యి ఉన్న గదిలో మాత్రం అస్సలు వద్దు, ఇట్టే అంటుకుంటుంది. ఇది పైన అంటుకుని ఊరుకోదు, ఏబీఎస్ పైపొరను మెత్తబరిచి అందులో కలిసిపోతుంది. సూపర్ గ్లూకూ దీనికీ అసలు తేడా అదే. విరిగిన రెండు ముఖాలకూ సన్న బ్రష్‌తో లిక్విడ్ రాసి, కాస్త జిగట రాగానే తీగ పెట్టి ముక్కలు కలపాలి. అంచు వెంట తెల్ల పొడి చిటికెడు, దాని మీద లిక్విడ్ చుక్క. పొడి తడిసి మెరుపు పోయేదాకా కదలకుండా పట్టుకోవాలి. పావుగంటకల్లా గట్టిపడుతుంది గానీ నేను మర్నాటిదాకా ముట్టుకోను.

భయమంతా పక్కనున్న అద్దం గురించే. పారదర్శకమైన ప్లాస్టిక్ మీద లిక్విడ్ చుక్క పడిందా, సాలెగూడు లాగా పగుళ్లు వచ్చేస్తాయి, వాటిని ఎవరూ తీయలేరు. వీలైతే అద్దం ఊడదీస్తాను. రాకపోతే దాని మీదంతా వాజిలిన్ పూస్తాను. మెరుపు పూత ఉన్న భాగాలకూ అంతే. ప్రౌల్ అద్దం క్షేమంగానే ఉంది. పోస్టు మీద అతుకు మాత్రం దగ్గరగా చూస్తే కనిపిస్తుంది. పేపరుతో రుద్ది పాలిష్ పెట్టాను గానీ పెయింటు వేయలేదు. పాత ప్లాస్టిక్ తెలుపుకు సరిపోయే పెయింటు కలపడం కంటే పంటి రంగు కలపడం వంద రెట్లు నయం.

సూపర్ గ్లూను నేను పూర్తిగా పక్కన పెట్టలేదు. వెంట్రుకంత పగులు సాగకుండా ఆపడానికి అది బాగా పనికొస్తుంది. వదులైన బాల్ జాయింటుకు కూడా: గుండు మీద పలచగా ఒక పొర రాసి, బయటే పూర్తిగా ఆరనిచ్చి, తర్వాత గుంటలో పెడితే చెయ్యి పడిపోకుండా నిలబడుతుంది. ఆరకముందే పెట్టారో, ఆ చెయ్యి ఇంక దణ్ణం పెట్టదు. లాగితే గట్టిగా పట్టుకునే ఈ జిగురు వంచితే ఇట్టే వదిలేస్తుంది. కీలు పక్కన పడేదంతా వంపే కదా. పైగా దాని ఆవిరి చుట్టూ తెల్లటి బూజులా పేరుకుంటుంది. నల్ల రంగు మీద, అద్దం మీద అది ఎంత వికారంగా ఉంటుందో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇంక నేను ముట్టుకోనివి చెప్తాను. మొదటిది బంగారు రంగు ప్లాస్టిక్. 80ల చివర మొదలుకొని చాలా ఏళ్లపాటు లోహపు మెరుపు పొడి కలిపిన ప్లాస్టిక్‌తో కొన్ని బొమ్మలు పోశారు. లోపల సుడులు సుడులుగా మెరుపు కనిపిస్తుంది, చూడటానికి భలే ఉంటుంది. కాలం గడిచేకొద్దీ ఆ ప్లాస్టిక్‌కు పట్టు పోతుంది. పెట్టెలోంచి తీయని బొమ్మకైనా తప్పదు. 1988లో జపాన్‌లో వచ్చిన బ్లాక్ జరాక్ అనే బొమ్మ పేరు చెబితే కలెక్టర్లు ఇందుకే నిట్టూరుస్తారు. ఇలాంటి ముక్కకు రంధ్రం వేస్తే రంధ్రం చుట్టూ రాలిపోతుంది. జిగురు పెడితే జిగురు ఉంటుంది, దాని పక్కన విరుగుతుంది. అలాంటిది మీ దగ్గర ఉంటే ఒక్కటే మాట: ఏ రూపంలో ఉందో ఆ రూపంలోనే అలమారలో ఉంచండి, తిప్పకండి. ఇంకా విరగని ముక్క విడిగా వచ్చేదైతే మాత్రం పళ్ల అచ్చు తీసే సిలికాన్‌తో దాని అచ్చు తీసి పెట్టగలను. వేలిముద్రలు కూడా పడేంత నాజూకు ఆ సిలికాన్. తర్వాత ఎప్పుడైనా ఎపాక్సీలో ఇంకోటి పోసుకోవచ్చు.

రెండోది పసుపెక్కిన తెలుపు. జెట్‌ఫైర్ ఉన్నవాళ్లంతా దీని గురించే అడుగుతారు. నిజానికి అది టకారా బొమ్మ కూడా కాదు, టకటోకు అనే మరో జపాన్ కంపెనీ చేసిన విమానం. దాని తెలుపు పసుపెక్కడం లోకమంతా ఎరిగిందే. హైడ్రోజన్ పెరాక్సైడ్ రాసి ఎండలో పెడితే తెల్లబడుతుంది, అది అబద్ధం కాదు. కానీ కొన్ని మళ్లీ పసుపెక్కుతాయి, కొన్ని మచ్చలు మచ్చలుగా తేలతాయి. ముసలి ప్లాస్టిక్‌ను ఎండలో ఉడకబెట్టే పని నాకు నచ్చదు. పసుపుతోనే ఉండనివ్వండి, నష్టమేంటి?

ల్యాబులో రెసిన్ ప్రింటర్ ఉంది కదా, కొత్త ముక్కే ప్రింటు తీయొచ్చుగా అంటారు. పిడికిళ్లు, క్షిపణులు, తుపాకులు తీస్తాను, బాగానే వస్తాయి. కీలు ముక్క మాత్రం తీయను. ఆ రెసిన్ గీత గీసినట్టు ఉంటుంది గానీ వంచితే పుటుక్కుమంటుంది. కీలు కావాలంటే నైలాన్ పొడితో ప్రింటు చేసేవాళ్ల దగ్గరికి వెళ్లండి. కొంచెం గరుకుగా ఉంటుంది, కానీ వంగుతుంది.

బాగుచేసిన ప్రతి బొమ్మతోపాటు ఒక చీటీ రాసి పెడతాను: ఎక్కడ విరిగింది, ఏం వాడాను, ఏ తీగ. కొందరికి అది ఇష్టం ఉండదు. "చీటీ వద్దండి, అతుకు కనబడటం లేదు కదా" అని ఒకాయన అన్నాడు. అమ్మే ఉద్దేశమని అర్థమైంది. చీటీ రెండు కాపీలు రాసి ఒకటి పెట్టెలో పెట్టి పంపాను. కొనేవాడు రేపు దాన్ని బలంగా తిప్పితే తిట్లు తినేది నేనే.

పంపాలనుకునేవాళ్లకు: ముందు ఫొటోలు పంపండి, విరిగిన ముఖం దగ్గర్నుంచి ఒకటి, మొత్తం బొమ్మ ఒకటి. ఊడిన ముక్కను టేపుతో బొమ్మకు అంటించకండి, టేపు లాగినప్పుడు దాంతో పాత స్టిక్కర్లు లేచి వచ్చేస్తాయి. చిన్న జిప్ కవర్లో విడిగా వేయండి. విరిగిన చోట ఆవగింజంత పెచ్చు ఊడినా పారేయకుండా అదే కవర్లో వేయండి, అది ఉంటేనే రెండు ముఖాలు సరిగ్గా కూర్చుంటాయి. సంక్రాంతి వారం ల్యాబు మూసి ఉంటుంది, అప్పుడు కొరియర్ వేయకండి.