ఉల్లికోడు: మొక్కలో ఉన్నది ఒక జీనా, రెండా?

వానాకాలం నాట్లు లేటైతే మావైపు అందరికీ భయం వరికి పట్టే ఉల్లికోడు పురుగుతోనే, మబ్బు పట్టి చినుకులు పడుతూ ఉంటే ఇంక చెప్పక్కర్లేదు. పిలక మధ్యలో ఆకు రావాల్సిన చోట ఉల్లికాడలా తెల్లటి గొట్టం వస్తుంది, ఆ పిలకకి వెన్ను రాదు. గొట్టం కనపడ్డాక గుళికలు చల్లితే డబ్బులు దండగ. గొట్టం కొసన ఖాళీ పొట్టు వేలాడుతోందంటే పురుగు ఈగై ఎగిరిపోయినట్టే, ఇంకెక్కడో గుడ్లు పెట్టే పనిలో ఉంటుంది.

అందుకే దీనికి మందుకన్నా విత్తనమే గతి. ఈశ్వరకోర అనే పాత దేశీ వరి నుంచి వరంగల్‌లో డబ్ల్యూ 1263 అనే రకం తీశారు, అందులో ఉన్నది జీఎం1, అంటే ఈ పురుగుని తట్టుకునే జీన్లలో ఒకటి. సియాం 29 అనే వరి నుంచి వచ్చిన జీఎం2 సురేఖ, ఫల్గుణ రకాల్లో ఉంది. ఫల్గుణ బాగానే ఆడింది కానీ 1980ల్లో ఉత్తర కోస్తాలో పురుగే మారిపోయింది, అలా మారిన రకాన్ని బయోటైప్ 4 అంటారు, దాని ముందు జీఎం2 పనిచెయ్యలేదు. మన దేశంలో ఇలాంటి బయోటైపులు ఏడు దాకా తేలాయి.

1994లో ఢిల్లీలోని ఐసీజీఈబీ అనే జన్యు పరిశోధన సంస్థ వాళ్ళు ఫల్గుణని పురుగుకి లొంగిపోయే రకంతో కలిపి, పిల్ల మొక్కల్లో ఏవి తట్టుకున్నాయో ఏవి పోయాయో చూసి, వాటి డీఎన్ఏతో సరిపోల్చి జీఎం2 జాడ పట్టుకున్నారు, అది 4వ క్రోమోజోమ్ మీదుంది. జీఎం4, జీఎం8 మాత్రం 8వ క్రోమోజోమ్ మీదున్నాయి.

సరే, జీను ఎక్కడుందో ఇలా మ్యాప్ చేస్తే రైతుకేంటి అంటారా? పొలంలో నిలబడి చూస్తే ఒక జీనున్న మొక్కా రెండున్న మొక్కా ఒక్కలాగే ఉంటాయి, రెండింట్లోనూ గొట్టం రాదు కదా. కొన్ని జీన్లకి పిలక చీలిస్తే పురుగు చచ్చిన చోట మొవ్వు గోధుమరంగులోకి మాడి కనపడుతుంది, జీఎం1, జీఎం8కి ఆ గుర్తూ ఉండదు, పురుగు ఊరికే చచ్చిపడి ఉంటుంది. ఇంక జీఎం3 అయితే తల్లి, తండ్రి రెండువైపుల నుంచీ రావాలి, ఒక్క కాపీ ఉంటే మొక్క పురుగుకి లొంగిపోతుంది. ఇవన్నీ కంటితో తేలేవి కావు, మార్కర్, అంటే జీను పక్కనుండే డీఎన్ఏ గుర్తు, దాంతో అయితే నారు ఆకు ముక్క చాలు, పురుగు సీజన్ కోసం కాచుకోనక్కర్లేదు. రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ వాళ్ళు డీఆర్ఆర్‌హెచ్3 అనే హైబ్రిడ్ వరికి తండ్రి అయిన మగ లైన్‌లోకి జీఎం4, జీఎం8 కలిపి ఎక్కించింది ఇలాగే.

నాకు నచ్చనిదల్లా ఒకటే, విత్తన సంచి మీద "ఉల్లికోడుని తట్టుకుంటుంది" అని రాసి ఊరుకుంటారు, ఏ జీనో చెప్పరు. ఊరంతా ఒకే జీను వేసుకుంటూ పోతే పురుగుకి మారడం ఈజీ అయిపోతుంది కదా, ఆ ఒక్క లైను ప్రింట్ చెయ్యడానికి ఏం పోతుందో నాకర్థం కాదు.